అద్దెకిచ్చే ఇల్లు కొనేముందు వీధి చూడండి

అద్దెకిద్దామని ఫ్లాటు కొనేవాళ్ళు సలహా అడగడానికి వచ్చినప్పుడు ముందు ఫోన్‌లో ఫొటోలు చూపిస్తారు. ఈస్ట్ ఫేసింగ్ అంటారు, వాస్తు చూపించామంటారు. వుడ్‌వర్క్ అయిపోయి ఉంది, కవర్డ్ పార్కింగ్ ఉంది, హాల్లో ఫాల్స్ సీలింగ్ కూడా ఉంది అంటారు. ఆ ఫొటోల్లో గేటు బయట తీసింది ఒక్కటీ ఉండదు. వీధి ఎంత వెడల్పు, రాత్రిపూట లైట్లు వెలుగుతాయా, వానొస్తే నీళ్ళు ఎటు పోతాయి అని అడిగితే, "అదంతా డెవలపింగ్ ఏరియా అండీ, రెండేళ్ళలో సెట్ అయిపోతుంది" అని జవాబు.

సొంతానికి ఇల్లు కొనుక్కుంటే ఎలాంటి చోటైనా మెల్లగా సర్దుకుపోతాం. వాన నీళ్ళొస్తే గేటు దగ్గర గట్టు కట్టించుకుంటాం, నీళ్ళు రాకపోతే ఇంకో సంపు తవ్వించుకుంటాం. అద్దెకున్నవాళ్ళకి ఆ ఖర్మేమిటి? నెల రోజులు నోటీసిచ్చి, అడ్వాన్సు వెనక్కి తీసుకుని, సామాను ఆటోట్రాలీ ఎక్కిస్తారు. అందుకే అద్దె ఇంటి రాబడి నాలుగు గోడల్లో కంటే గేటు బయటే ఎక్కువ తేలుతుందని నా నమ్మకం. దానికి తోడు ఇంకో మాట కూడా చెబుతాను, అది చాలామంది ఓనర్లకి నచ్చదు. కొన్నాక వీధి బాగోగులు ఓనరు పట్టించుకోకపోతే, కొన్న రోజున బాగున్న ఏరియా కూడా పదేళ్ళలో పాడవుతుంది.

బ్యాంకులో ఇంటి లోన్ల సీట్లో చాలా ఏళ్ళు కూర్చున్నాను. ప్రతి ఫైల్లోనూ వాల్యుయేషన్ రిపోర్టు ఉంటుంది. స్లాబు, ఫ్లోరింగు, తలుపులకి వాడిన చెక్క, యూడీఎస్ (ఫ్లాటుకి స్థలంలో వచ్చే వాటా) ఎన్ని గజాలు, అన్నీ వివరంగా రాస్తారు. ఏరియా దగ్గరికొచ్చేసరికి "మిడిల్ క్లాస్ లొకాలిటీ, సౌకర్యాలన్నీ అందుబాటులో ఉన్నాయి" అని ఒక్క లైను. ఏ ఫైలు తీసినా దాదాపు అదే లైను. బ్యాంకుకి అది సరిపోతుంది. అద్దె వచ్చినా రాకపోయినా ఈఎంఐ కట్టేది మీ జీతంలోంచే కదా. కాబట్టి "లోన్ శాంక్షన్ అయిందంటే వాళ్ళే అన్నీ చూసుకుని ఉంటారు" అన్న ధీమా టైటిల్, అంటే ఆస్తి హక్కు కాగితాల వరకే పనికొస్తుంది. అద్దె సంగతి ఎవరూ చూసి ఉండరు.

ఒక లెక్క వేసి చూద్దాం. అరవై లక్షల డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాటు, నెలకి 18,000 అద్దె అనుకోండి. ఏడాదికి 2,16,000. కాగితం మీద 3.6 శాతం. మన నగరాల్లో ఇది మంచి రాబడి కిందే లెక్క. ఇప్పుడు ఆ వీధి నచ్చక ఏడాది తిరిగేసరికి ఖాళీ చేసి వెళ్ళిపోతున్నారనుకోండి. రెండు నెలలు ఖాళీగా ఉంటే 36,000 పోయింది. ఆ రెండు నెలలూ మెయింటెనెన్సు మన జేబులోంచి 5,000. రంగులు వేయించి, బాత్రూములు కడిగించి, పాడైన కుళాయిలు మార్పిస్తే 25,000. బ్రోకరుకి ఒక నెల అద్దె 18,000. మొత్తం 84,000. చేతికి మిగిలేది 1,32,000, అంటే 2.2 శాతం. ఫిక్స్‌డ్ డిపాజిట్ వేసుకుని ఇంట్లో కూర్చున్నా ఇంతకు రెండింతల పైన వస్తుంది.

అదే ధరకి ఇంకో చోట 16,500కే ఇచ్చారు, వచ్చినవాళ్ళు నాలుగేళ్ళున్నారు. అద్దె ఒక్క రూపాయి పెంచలేదనే అనుకుందాం. నాలుగేళ్ళకోసారి ఒక నెల ఖాళీ, ఒకసారి రంగులు, ఒకసారి బ్రోకరు, అన్నీ తీసేసినా ఏడాదికి దాదాపు 1,83,000 మిగులుతుంది. మూడు శాతం పైనే. నెలకి పదిహేను వందలు తక్కువ తీసుకున్న ఓనరు ఏడాదికి యాభై వేలు ఎక్కువ సంపాదించాడు. "మా పక్క బ్లాకులో ఇరవై వస్తోంది" అని అద్దె గురించి మాట్లాడుకునేటప్పుడు ఈ ఖాళీ నెలల లెక్క ఎవరూ చెప్పరు.

ఖాళీ నెలలకి మన దగ్గర పంచాంగం కూడా తోడవుతుంది. పిల్లలున్నవాళ్ళు మే నెలలో, బడులు తెరిచేలోపు ఇల్లు మారతారు. ఆ తర్వాత ఆషాఢం, ఆషాఢంలో కొత్తింట్లో పాలు పొంగించరు. జూన్ ఆఖర్లో ఖాళీ అయిన ఫ్లాటు చాలాసార్లు శ్రావణం దాకా తాళంతోనే ఉంటుంది. డిసెంబరు మధ్య నుంచి సంక్రాంతి దాకా మళ్ళీ ఇదే వరస. జనానికి నమ్మకమున్న వీధిలో ఈ బాధ తక్కువ. ఫలానావాళ్ళు ఖాళీ చేస్తున్నారని తెలియగానే పక్కింటివాళ్ళ చుట్టాలో, వాళ్ళ ఆఫీసులోవాళ్ళో వచ్చి మంచిరోజు చూసుకుని అడ్వాన్సు ఇచ్చి వెళతారు. అలాంటి వీధుల్లో టులెట్ బోర్డులు తక్కువ కనిపిస్తాయి. కొనబోయే వీధిలో ఒకసారి బోర్డులు చూడండి. నాలుగైదు గేట్లకి వెలిసిపోయిన బోర్డులు వేలాడుతుంటే, అక్కడ అద్దె ఎంత పలుకుతుందో బ్రోకరు చెప్పిన అంకె నమ్మకండి.

ఇక వీధిలో ఏం చూడాలి? నా వరకు మొదటిది నీళ్ళు, రెండోది నీళ్ళే. మొదటిది రావలసిన నీళ్ళు, రెండోది పోవలసిన నీళ్ళు.

రావలసిన నీళ్ళ సంగతి. "మంజీర నల్లా కనెక్షన్ ఉందా" అని అడిగితే ఉందనే అంటారు. ఎన్ని రోజులకోసారి వస్తుంది, ఎంతసేపు వస్తుంది, సంపు నిండుతుందా అని అడగాలి. 2021 నుంచి నెలకి 20 వేల లీటర్ల దాకా నల్లా నీళ్ళు ఉచితం అన్నారు, సంతోషమే. కానీ వీధి చివర ఎత్తుమీద ఉన్న బ్లాకుకి ప్రెషరే రాకపోతే ఆ ఉచితం ఎవరికి? 2024 వేసవిలో హైదరాబాద్ పడమటి వైపు బోర్లు ఎండిపోయి, ట్యాంకరు బుక్ చేస్తే రోజుల తరబడి రాని పరిస్థితి చూశాం. కాబట్టి కొనేముందు అసోసియేషన్ వాళ్ళని మార్చి నుంచి జూన్ దాకా ట్యాంకర్ల ఖర్చు పుస్తకం చూపించమని అడగండి. పుస్తకం చూపించడానికి తటపటాయిస్తే అదీ ఒక జవాబే.

మియాపూర్ వెనక ఒక సందులో ఫ్లాటు చూడ్డానికి పొద్దున ఏడింటికి వెళ్ళాను. ట్యాంకరు సందులోకి తిరగలేక మలుపు దగ్గరే ఆగిపోయింది. వాచ్‌మన్ భార్య ఒక పైపు భుజాన వేసుకొచ్చి ఇంకో పైపుకి సైకిల్ ట్యూబు ముక్కతో గట్టిగా చుట్టి కట్టింది. కట్టిన చోట నీళ్ళు చిమ్ముతూనే ఉన్నాయి. సందంతా బురద. స్కూలు యూనిఫాంలో ఉన్న పిల్లని చంకనెత్తుకుని, రెండో చేత్తో చీర కుచ్చిళ్ళు పట్టుకుని ఒకావిడ గోడ పక్కనుంచి అడుగులో అడుగేసుకుంటూ బస్సు దగ్గరికి వెళ్ళింది. పైన ఫ్లాటు చాలా బాగుంది, ఆ మాట ఒప్పుకోవాలి. కానీ ఆవిడ ఏ బ్లాకులో అద్దెకుందో గానీ, వచ్చే మే నెలలో ఇల్లు మారాలని ఆ పొద్దునే అనుకుని ఉంటుంది.

పోవలసిన నీళ్ళ సంగతి ఇంకా పెద్దది. నిజాంపేటలో భండారి లేఅవుట్ పేరు 2016 సెప్టెంబరు వానలకి టీవీల్లో మోగిపోయింది. సెల్లార్లలో నీళ్ళు నిలిచాయి, కార్లు మునిగాయి, కరెంటు లేదు. ఊరు పల్లంలో ఉండటం, పైన ఉన్న చెరువులు నిండితే నీళ్ళు పోయే దారిలోనే ఇళ్ళు లేవడం దానికి కారణాలు. అప్పటికి నిజాంపేట ఇంకా గ్రామ పంచాయతీ. 2020 అక్టోబరులో మళ్ళీ నగరమంతా మునిగినప్పుడు టోలిచౌకి నదీం కాలనీ, సరూర్‌నగర్ చుట్టుపక్కల కాలనీలు రోజుల తరబడి నీళ్ళలో ఉన్నాయి. ఇవేవీ అనుకోకుండా వచ్చిన ఆపదలు కావు. చెరువులు ఎక్కడ ఉన్నాయో, నాలా, అంటే వాన నీళ్ళ కాలువ, ఎటు పోతుందో పాతవాళ్ళకి తెలుసు. పది హెక్టార్లు, ఆపైన ఉన్న చెరువుకి ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తిగా నిండినప్పటి నీటి హద్దు) నుంచి 30 మీటర్లు, అంతకంటే చిన్నవాటికి 9 మీటర్లు బఫర్ వదలాలని నిబంధన ఉంది. నగరాభివృద్ధి సంస్థ హెచ్‌ఎండీఏ చెరువుల మ్యాపులు ఆన్‌లైన్‌లో పెట్టింది కూడా. 2024 జులైలో చెరువుల ఆక్రమణలు తొలగించడానికి హైడ్రా అనే ప్రభుత్వ సంస్థ వచ్చి కూల్చివేతలు మొదలుపెట్టాక జనం ఆ మ్యాపులు తెరిచి చూడటం మొదలుపెట్టారు. అద్దె కోసం కొనేవాళ్ళు కూల్చివేత భయంతోనే చూస్తున్నారు. కూల్చకపోయినా ఏటా సెప్టెంబరులో సెల్లారు నిండే ఇంటికి అద్దెకెవరొస్తారని కూడా చూడాలి.

మ్యాపు చూడటం రానివాళ్ళు రోడ్డు చూడండి. రోడ్డు వేసినప్పుడల్లా పాతది తవ్వకుండా దానిమీదే ఇంకో పొర పోస్తారు. కొన్నేళ్ళకి రోడ్డు పైకి, ఇళ్ళ గేట్లు కిందకి. గేటు లోపలికి దిగడానికి మెట్లు కట్టుకున్న ఇళ్ళు వరసగా కనిపిస్తే, పార్కింగ్ ముందు మోకాలెత్తున సిమెంటు గట్టు పోసుకుని ఉంటే, ప్రహరీ గోడల మీద అన్నిటికీ ఒకే ఎత్తులో చెమ్మ గీత ఉంటే, ఆ వీధి కథంతా అక్కడే రాసి ఉంది. ఇంకా అనుమానముంటే ఇస్త్రీ బండి అతన్ని అడగండి. ఏ ఫ్లాటు ఎన్నాళ్ళుగా ఖాళీ, ఎవరు ఎందుకు వెళ్ళిపోయారు, ఏ ఇంట్లో కుళాయి నీళ్ళు వాసన వస్తాయి, అన్నీ అతనికి తెలుసు. బ్రోకరు ఎదురుగా అడగకండి, ఒక్కరే వెళ్ళి నాలుగు చొక్కాలు ఇచ్చి నెమ్మదిగా మాట్లాడండి.

ఇది హైదరాబాదుకే పరిమితమైన బాధ కాదు. విజయవాడ సింగ్‌నగర్‌లో మా పిన్నికి రెండంతస్తుల ఇల్లుంది. కింద రెండు వాటాలు అద్దెకిచ్చి, పైన తను ఉంటుంది. 2024 సెప్టెంబరు 1న బుడమేరు వచ్చి కింది వాటాలు మునిగిపోయాయి. కింద ఉన్న రెండు కుటుంబాలూ పైన పిన్ని వాళ్ళింట్లోనే తలదాచుకున్నాయి. నీళ్ళు తీశాక బురద ఎత్తిపోసి, మంచాలు, ఫ్రిజ్జులు, పిల్లల పుస్తకాలు వీధిలో ఎండబెట్టుకున్నారు. ఆ తర్వాత అద్దెకి వచ్చినవాళ్ళంతా అడిగిన మొదటి మాట "పై వాటా ఉందా అండీ" అని. బుడమేరు 2005లో కూడా వచ్చింది. మధ్యలో వచ్చిన దాదాపు ఇరవై ఏళ్ళలో ఆ సంగతి మరిచిపోయి కొన్నవాళ్ళు ఎందరో. మరిచిపోనివాళ్ళు అద్దెకున్నవాళ్ళే, ఎందుకంటే పోయింది వాళ్ళ సామాను.

రవాణా గురించి ఒక్క మాట. 2017 నవంబరులో మియాపూర్ నుంచి నాగోలు దాకా మెట్రో మొదలయ్యాక "మెట్రోకి ఐదు నిమిషాలు" అని రాయని బ్రోచరు లేదు. ఆ ఐదు నిమిషాలు ఎవరి కాళ్ళతో? రాత్రి తొమ్మిదిన్నరకి రాయదుర్గంలో రైలెక్కి, అమీర్‌పేటలో మారి, మియాపూర్‌లో దిగిన అమ్మాయి హైవే దాటి, ఫుట్‌పాత్ లేని రోడ్డు వెంట, వైన్‌షాపు పర్మిట్ రూమ్ ముందు నుంచి నడిచి ఇంటికి రావాలంటే అది ఐదు నిమిషాలైనా ఒకటే, పదిహేనైనా ఒకటే. ఆమె రోజూ ఆటో మాట్లాడుకుంటుంది, నెల తిరిగేసరికి ఆ ఖర్చు అద్దెలో కలిపి చూసుకుని వేరే ఇల్లు వెతుక్కుంటుంది. అదే దూరంలో టిఫిన్ బండి, మెడికల్ షాపు, రాత్రి పదింటిదాకా తెరిచుండే కిరాణా కొట్టు ఉన్న వీధి అయితే ఆమె ఉండిపోతుంది. మీరు చూడ్డానికి వెళ్ళే ఆదివారం పొద్దున పదకొండింటికి ఈ రెండు వీధులూ ఒకేలా కనిపిస్తాయి. రాత్రి వెళ్ళి చూడాలి. మీ ఇంట్లో ఆడవాళ్ళని తీసుకెళ్ళి, స్టేషన్ నుంచి నడిపించి, వాళ్ళు ఏమంటారో వినాలి.

అమెరికాలో ఉన్న మనవాళ్ళు ఇక్కడ ఫ్లాట్లు కొనేటప్పుడు అక్కడి కొలతలు వాడటం కూడా చూస్తున్నాను. మా తమ్ముడు డల్లాస్ దగ్గర ఉంటాడు. ఫ్రిస్కోలోనో ప్లేనోలోనో ఇల్లు కొనాలంటే ముందు ఏ స్కూల్ డిస్ట్రిక్ట్ అని చూస్తారు. అక్కడ అది సబబే. ఏ చిరునామాలో ఉంటే ఆ చిరునామాకి చెందిన ప్రభుత్వ బడిలోనే చాలామంది పిల్లలు చదువుతారు, కాబట్టి బడి పేరు ఇంటి ధరలోనూ అద్దెలోనూ కలిసే ఉంటుంది. మన దగ్గర ప్రైవేటు బడి బస్సు పాతిక కిలోమీటర్లు తిరిగొచ్చి పిల్లల్ని ఎక్కించుకుంటుంది. పక్కనే పెద్ద ఇంటర్నేషనల్ స్కూల్ ఉందని తమ్ముడు కొండాపూర్‌లో ఒక ఫ్లాటు ఖాయం చేయబోతే, ఆ బడి ఫీజు కట్టగలిగినవాళ్ళు ఈ సైజు ఫ్లాటులో అద్దెకుండరని చెప్పాను. బడి ఎంత దగ్గరో కంటే, బడి బస్సు వీధిలోకి వస్తుందా, లేక మెయిన్ రోడ్డు దాకా నడవాలా అన్నదే ఇక్కడి తల్లులు అడిగే ప్రశ్న. చివరికి అతను బస్సులు గేటు దాకా వచ్చే వీధిలో తీసుకున్నాడు. ఆ ఫ్లాటు నేనే చూసుకుంటున్నాను.

ఏరియాని బట్టి వచ్చే మనుషులు మారతారు, మనుషుల్ని బట్టి మన పని మారుతుంది. అమీర్‌పేట, ఎస్సార్ నగర్ వైపు కోచింగ్‌కి వచ్చే పిల్లలు ఎప్పుడూ ఉంటారు, ఖాళీ ఉండదు, అద్దె కూడా బాగా వస్తుంది. కానీ ఆరు నెలలకోసారి మనుషులు మారుతూనే ఉంటారు, గీజర్లు కాలుతూనే ఉంటాయి. 2020లో కరోనా వచ్చి అందరూ ఊళ్ళకి వెళ్ళిపోయినప్పుడు అక్కడి హాస్టళ్ళన్నీ ఒక్క నెలలో బోసిపోయాయి. మాదాపూర్, కొండాపూర్ వైపు సాఫ్ట్‌వేర్ కుటుంబాలు ఆఫీసు మారితే ఇల్లు మారతారు. ఈసీఐఎల్, మల్కాజ్‌గిరి, సైనిక్‌పురి వైపు ఫ్యాక్టరీ, రైల్వే, మిలిటరీ ఉద్యోగులు, పెన్షనర్లు. అక్కడ అద్దెలు తక్కువ, పెరగడమూ నెమ్మదే. కానీ వచ్చినవాళ్ళు పిల్ల పెళ్ళి అయ్యేదాకా ఉంటారు, పెళ్ళి శుభలేఖ ఓనరుకే మొదట ఇస్తారు. ఉద్యోగం చేసుకుంటూ, దూరంగా ఉంటూ ఇల్లు అద్దెకివ్వాలనుకునేవాళ్ళకి ఈ చివరి రకం ఏరియాలే నేను చెబుతాను. మాదాపూర్ మీద మోజు ఉండొచ్చు గానీ, ప్రతి ఏడాదీ రంగులు వేయించే ఓపిక ఉందా అన్నది కూడా చూసుకోవాలి.

"ఏరియా డెవలప్ అవుతుంది" అన్న మాట మీద కొనేవాళ్ళకి అమరావతిని గుర్తు చేస్తాను. 2015 అక్టోబరులో శంకుస్థాపన జరిగాక తుళ్ళూరు, మందడం వైపు అద్దెలకోసమని గదుల మీద గదులు లేచాయి. 2019లో పనులు ఆగిపోయాయి, ఇంజనీర్లు, కూలీలు వెళ్ళిపోయారు. ఆ గదులకి తీసుకున్న అప్పుల వడ్డీ మాత్రం ఎక్కడికీ పోలేదు. 2024లో ప్రభుత్వం మారాక మళ్ళీ పనులు, మళ్ళీ అడిగేవాళ్ళు. స్థలం కొని పక్కన పెట్టుకున్నవాళ్ళు ఐదేళ్ళు ఆగగలిగారు. అద్దె మీద ఈఎంఐ కట్టుకుందామనుకున్నవాళ్ళు ఆగలేకపోయారు. రేపు రాబోయే రోడ్డు భూమి ధరని ఇవాళే పెంచుతుంది. అద్దె మాత్రం రోడ్డు వచ్చాకే పెరుగుతుంది.

ఇప్పుడు నాకు బాగా బాధ కలిగించే విషయం. మంచి ఏరియా అంటే ఎవరుంటారో చూసి చెప్పే అలవాటు మన ఓనర్లలో చాలా ఉంది. ఫోన్ చేస్తే పేరు అడుగుతారు, పేరులో తెలియకపోతే ఊరు, ఇంటిపేరు, "మీరేమిట్లు" దాకా వెళతారు. వెజిటేరియన్లకే అంటారు. ముస్లిం పేరు వినగానే "ఇప్పుడే అయిపోయిందండీ" అంటారు. మా ఎదురు బ్లాకులో ఒక ఓనరు, మహబూబాబాద్ నుంచి వచ్చి హాస్పిటల్లో స్టాఫ్ నర్సుగా చేస్తున్న అమ్మాయికి అన్నీ మాట్లాడుకుని అడ్వాన్సు కూడా తీసుకుని, ఆమె కులం తెలిశాక డబ్బులు తిరిగి ఇచ్చేశారు. నా ఎదురుగానే జరిగింది. ఆ అమ్మాయి ఒక్క మాట అనలేదు, నోట్లు లెక్కపెట్టుకుని బ్యాగులో పెట్టుకుంది. ఆ తర్వాత ఆ ఫ్లాటు వర్షాకాలమంతా ఖాళీగానే ఉంది.

ఇది తప్పు. అద్దె వస్తుందా రాదా అన్న లెక్క పక్కనపెట్టినా తప్పే. లెక్కలోకి వచ్చినా ఇది తెలివైన పని కాదు. ఒకటో తారీఖున అద్దె వేసే గుణానికీ కులానికీ సంబంధం లేదని లోన్ల సీట్లో కూర్చున్న ఎవరైనా చెబుతారు. అద్దెకి ఇచ్చేముందు అడగాల్సినవి ఉద్యోగం ఎక్కడ, ఎంతమంది ఉంటారు, ఇంతకుముందు ఉన్న ఇల్లు ఎందుకు మారుతున్నారు, అంతే. ఆ చివరి ప్రశ్నకి వచ్చే జవాబు చాలాసార్లు వాళ్ళ గురించి కంటే వాళ్ళున్న వీధి గురించి చెబుతుంది. "నీళ్ళ సమస్యండీ", "కింద ఫంక్షన్ హాలు డీజే, అమ్మకి బీపీ అండీ", "లిఫ్టు పనిచేయదండీ" అంటారు.

లిఫ్టు మాట వచ్చింది కాబట్టి మా బ్లాకు సంగతి చెబుతాను. మదీనాగూడలో మా ఫ్లాటున్న అపార్ట్‌మెంట్లో సగానికి పైగా ఫ్లాట్లు అద్దెకిచ్చినవే. ఓనర్లు బెంగళూరులో, బేగంపేటలో, న్యూజెర్సీలో ఉన్నారు. ఒక వేసవిలో లిఫ్టు మోటారు కాలిపోయింది. వాట్సాప్ గ్రూపులో ఒకాయన మూడు కొటేషన్లు కావాలన్నారు, ఒకాయన కార్పస్ ఫండు (అసోసియేషన్ ఉమ్మడి నిధి) లెక్క తేలాకే అన్నారు, ఒకాయన తన ఫ్లాటు ఫస్ట్ ఫ్లోర్ కాబట్టి ఇవ్వనన్నారు. నాలుగో అంతస్తులో అద్దెకున్న రైల్వే ఉద్యోగి వాళ్ళ అమ్మగారికి మోకాళ్ళ నొప్పులు. ఆవిడ మెట్ల మధ్యలో ప్లాస్టిక్ కుర్చీ వేయించుకుని, ఎక్కేటప్పుడు అక్కడ కాసేపు కూర్చుని మళ్ళీ ఎక్కేవారు. ఆ కుర్చీ రోజూ చూసేది అద్దెకున్నవాళ్ళు. గ్రూపులో వాదించుకునేది ఓనర్లు. మోటారు బాగయ్యేసరికి ఆ కుటుంబం వెళ్ళిపోయింది, ఇంకో రెండు ఫ్లాట్లు కూడా ఖాళీ అయ్యాయి. ఫ్లాటుకి ఇంతని పంచుకుంటే వచ్చే ఖర్చు ఒక నెల అద్దెలో సగం కూడా లేదు.

దూరంగా ఉండే ఓనర్ల వల్ల బ్లాకు ఇలాగే పాడవుతుంది. ముందు లిఫ్టు, తర్వాత వాచ్‌మన్ జీతం, తర్వాత గేటు ముందు లైటు, తర్వాత చెత్త. మంచి అద్దెదారులు ముందు వెళ్ళిపోతారు, ఎందుకంటే వాళ్ళకి వేరే చోట ఇల్లు దొరుకుతుంది. ఆ తర్వాత అద్దె తగ్గించి ఇస్తారు. అద్దె తగ్గింది కదా అని మెయింటెనెన్సు పెంచడానికి ఒప్పుకోరు. పక్క బ్లాకుకీ అదే పడుతుంది. పదేళ్ళ తర్వాత "ఏరియా పాడైపోయింది" అని అమ్మేస్తారు. ఏరియా దానంతటదే పాడవ్వలేదు. అందుకే అద్దెకున్నవాళ్ళు అసోసియేషన్ మీటింగుల్లో కూర్చోవాలి, మాట్లాడాలి అని మా దగ్గర పట్టుబట్టాను. ఓటు ఓనరుకే ఉన్నా, మోటారు ఎప్పుడు ఆగుతోందో తెలిసింది వాళ్ళకే. ఇప్పుడు మా కమిటీలో అద్దెకున్న ఇద్దరు ఆడవాళ్ళు ట్యాంకర్ల లెక్క చూస్తున్నారు. నాలా పూడిక తీయించమని మున్సిపాలిటీకి అర్జీ పెట్టిందీ వాళ్ళే, వాన మొదలయ్యేలోపు తీయించిందీ వాళ్ళే.

ట్యాక్సు గురించి రెండు మాటలు. అద్దె ఆదాయంలో మున్సిపల్ ట్యాక్సు తీసేశాక మిగిలినదాంట్లో 30 శాతం స్టాండర్డ్ డిడక్షన్ ఇస్తారు, అంటే అంత మేరకు ఇన్‌కమ్ ట్యాక్సు ఉండదు. మీరు రిపేర్లకి ఎంత ఖర్చు పెట్టారన్నది దానికి అనవసరం. అంటే ఏటా మనుషులు మారే వీధిలో నిజంగా అంతకంటే ఎక్కువ ఖర్చయినా అది మీకు తిరిగి రాదు. నాలుగేళ్ళు ఒకే కుటుంబం ఉన్నచోట అంత ఖర్చు కాకపోయినా 30 శాతం మీదే. ఓనరు ఎన్‌ఆర్‌ఐ అయితే అద్దె ఎంతైనా అద్దెదారే అద్దెలోంచి టీడీఎస్ (ఓనరు ట్యాక్సు) కోసి ప్రభుత్వానికి కట్టాలి. ఈ తలనొప్పి ఎందుకని చాలామంది ముందే తప్పుకుంటారు. తమ్ముడి ఫ్లాటుకి నేను ఇల్లు చూపించేటప్పుడే ఈ విషయం చెప్పేస్తాను. దాచి తర్వాత చెబితే మాట పడాల్సి వస్తుంది.

ఇవన్నీ విన్నాక ఒకటే ప్రశ్న అడుగుతారు: "ఇన్ని చూస్తూ కూర్చుంటే మన బడ్జెట్‌లో కొనగలిగే చోటు ఏదైనా మిగులుతుందా?" న్యాయమైన ప్రశ్నే. ధర తక్కువగా ఉన్న ప్రతి వీధీ చెడ్డది కాదు, ధర ఎక్కువగా ఉన్న ప్రతి గేటెడ్ కమ్యూనిటీలోనూ నీళ్ళుంటాయనీ కాదు. కొత్తగా లేచిన పాతిక అంతస్తుల టవర్లలో వేసవి వస్తే ట్యాంకర్ల మీదే బతికేవి నాకు తెలుసు. మల్కాజ్‌గిరిలో ముప్పై ఏళ్ళ నాటి మూడంతస్తుల ఇల్లు, ఎత్తుమీద, వెడల్పాటి వీధిలో, రైల్వే స్టేషనుకి నడిచి వెళ్ళేంత దూరంలో ఉంటే దానికి ఫొటోల్లో అందం ఉండదు, అద్దెకి మాత్రం ఢోకా ఉండదు.

మా పిన్ని పెద్దకొడుకు ఇప్పుడు బాచుపల్లి దగ్గర ఒక ఫ్లాటుకి టోకెన్ అడ్వాన్సు ఇవ్వడానికి తొందరపడుతున్నాడు. బిల్డరు ఈ నెలాఖరులోపు అయితే రెండు లక్షలు తగ్గిస్తానన్నాడట. పక్క బ్లాకు ట్యాంకర్ల పుస్తకం చూసేదాకా, ఒక పెద్ద వాన పడ్డ మర్నాడు ఆ సెల్లారు చూసేదాకా డబ్బు ఎఫ్‌డీలోనే ఉంచమన్నాను. "అక్కా, అప్పటిదాకా ఆ ఫ్లాటు ఉండకపోతే?" అన్నాడు. ఉండకపోతే ఇంకోటి చూద్దాం రా అన్నాను. వచ్చే శనివారం రాత్రి ఎనిమిదింటికి ఆ వీధికి వెళుతున్నాం. వాళ్ళావిడని కూడా తీసుకురమ్మన్నాను.